బయటి గొళ్ళెం

తుఫానులో మునిగిపోయిన రెండు పంపు ఇంజన్లను తొమ్మిదేళ్ళ తర్వాత బతికించిన శాస్త్రవేత్త, కోడూరు కరకట్ట మీది షెడ్డులో వాటి ఎదుట నిలబడ్డాడు. చేలల్లో నిలిచిన నీటిని బయటికి తోడిపోయాల్సినవి సముద్రాన్నే చేలల్లోకి తోడుతున్నాయి. అతని మాటలకు రెండూ ఒకే గొంతుతో బదులిచ్చాయి.

"ఆగండి. కాలవలు కట్టేసినట్టు మీకూ వేసవిలో రెండు నెలలు సెలవిస్తాను."

"తొమ్మిదేళ్ళు సెలవులోనే ఉన్నామండీ. లేపింది మీరే."

"డీజిలు ఆపేస్తాను."

"అది అయిపోయి మూడు రోజులైంది."

"నారుమళ్ళన్నీ ఉప్పెక్కిపోతాయి. ఏం కావాలి మీకు?"

"మా డ్రైవరు జకరయ్య."

"ఆ తుఫానులోనే పోయాడు."

"మా పక్కనే పోయాడు. రోజూ మమ్మల్ని తిప్పేముందు ప్రార్థన చేసుకునేవాడు. అందులో పనిచ్చిన మీ పేరే ముందుండేది. ఆ రోజూ చేసుకున్నాడు. తర్వాత ఎంత లాగినా తలుపు రాలేదు."

"బయట గొళ్ళెం నేనే పెట్టాను. అతను వెళ్ళిపోతే మీరు ఆగిపోతారని, ఊరు మునిగిపోతుందని."

"ఊరు మునిగింది కదండీ."

"తప్పే. ఇప్పుడే వెళ్ళి అతని భార్య కాళ్ళ మీద పడతాను."

"వెళ్ళండి."

"తలుపు రావడం లేదు."

"బయట జకరయ్య ప్రార్థన చేసుకుంటున్నాడు, వినండి. మీ పేరే ముందు."