కెప్టెన్ గారి గొంతు

ముందుగదిలో టీవీ నడుస్తోంది. దాని ఎదురుగా మెడకి మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన కదిలేది లేదని భీష్మించుకుని కూర్చున్నాడు. గుమ్మం దగ్గర సర్దిన సంచీతో ఆయన కూతురు, వీధిలో టాక్సీ.

"నాన్నా, టాక్సీ వచ్చి నిలబడింది. లే."

"ఉండవే. ఈ సీను కానీ."

"పొద్దుట్నుంచీ ఇదే సీను తిప్పి తిప్పి చూస్తున్నావు. చెప్పులేసుకో."

"చూడు, చూడు. తెరచాప తెగింది. ఇప్పుడు కెప్టెన్ ఏమంటాడో..."

"'గాలి మనది కాకపోతే ఏం, చుక్కాని మనదే కదరా!' నాకు నోటికొచ్చు. మా క్లాసులో అందరికీ నోటికొచ్చు. లే నాన్నా."

"ఆ 'కదరా'లో 'రా' ఉందే, అది రాసినాయన రాయలేదు. నేనే వేశా. డబ్బింగు చెప్తుంటే మన తెలుగు మాట అయిపోయింది, ఆ తెల్లాయన పెదాలు ఇంకా కదులుతున్నాయి. ఖాళీ పెదాలు బాగోవు కదా, 'రా' అని తగిలించా. ఊరూరూ పట్టుకుంది."

"తెలుసు. ఇంక మాట్లాడకు, గొంతు ఎలా గీరుకుపోతోందో చూడు. ఇదిగో, నీళ్లు."

"దిగట్లేదు."

"దిగట్లేదా? ఎప్పట్నుంచి?"

"ఏమో."

"ఏమో ఏంటి! పాలు తాగానన్నావు కదా?"

"తాగాననే అన్నా. సింకులో పోశా."

"నాన్నా!"

"అరవకు. పక్కింటివాళ్లు వింటారు."

"విననీ! డాక్టరమ్మ ఏం చెప్పింది? ఆ గడ్డ ఊపిరికి అడ్డం పడుతోంది, ఇంకా ఆలస్యం చేస్తే గాలి ఆడదని చెప్పిందా లేదా? మధ్యాహ్నంలోపు చేర్చమంది. రేపు పొద్దున్నే ఆపరేషన్."

"చెప్పింది. గొంతుపెట్టె మొత్తం తీసేస్తానని కూడా చెప్పింది. సొరకాయ కోస్తానన్నంత తేలిగ్గా చెప్పింది మహాతల్లి."

"ప్రాణం దక్కుతుందని కూడా చెప్పింది. అది వినపడలేదా?"

"ఒక్క నెల. ఒక్కటంటే ఒక్క నెల ఆగమను."

"ఎందుకు?"

"ఎన్నిసార్లు చెప్పాలే? మన 'తుఫాను నౌక' సీరియల్ టీవీలో మళ్లీ వేస్తున్నారు. ఆఖరి భాగం బొమ్మ బాగానే ఉంది, తెలుగు మాటలున్న టేపు పాడైపోయింది. అది మళ్లీ చెప్పాలి. కెప్టెన్‌కి నేను కాక ఇంకెవడు చెప్తాడు? వేరేవాడు చెప్తే జనం ఊరుకుంటారా?"

"నేను స్టూడియోకి ఫోన్ చేశా."

"... ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"ఎవరూ చెయ్యమనలేదు. కాళ్లావేళ్లా పడైనా ఇవాళే చెప్పించుకోమందామని చేశా. ఆస్పత్రికి వెళ్లే దారిలో నిన్నక్కడ దింపుదామనుకున్నా. ఆ సౌండు ఇంజనీరు ఏమన్నాడో తెలుసా?"

"వాడికేం తెలుసు? నిన్నగాక మొన్న వచ్చాడు."

"'అదేంటమ్మా, ఆయనే వద్దన్నారు కదా' అన్నాడు."

"టీవీ సౌండు పెంచు."

"పెంచను. 'నా గొంతు ఇంక చాలదు బాబూ, మంచి కుర్రాణ్ణి చూసుకోండి' అన్నావట. ఆ కుర్రాడొచ్చి మాట చెప్పేసి వెళ్లిపోయాడట కూడా. ఇక్కడ నన్ను మాత్రం నెల ఆగమంటున్నావు!"

"సౌండు పెంచమన్నానా?"

"కట్టేస్తా! ఇప్పుడే కట్టేస్తా!"

"కట్టెయ్యకే. నీకు పుణ్యముంటుంది, కట్టెయ్యకు."

"మరి నెల ఎందుకు నాన్నా? చావడానికా?"

"ఛ! ఏం మాటలే అవి?"

"మరింకేం అనుకోవాలి? అమ్మ పోయింది. ఇప్పుడు నువ్వు కూడా పోతే నాకెవరున్నారు? చేతులు జోడిస్తున్నా, లే. కావాలంటే నీ కాళ్లకే చెప్పులు తొడుగుతా. ఏదీ, కాలివ్వు... ఇవ్వూ..."

"ఆ టాక్సీవాడు హారన్ కొడుతున్నాడు చూడు."

"వస్తున్నాం అన్నా! ఒక్క నిమిషం! ... మాట మార్చకు. ఎందుకో చెప్పు."

"చిన్నప్పుడు నిన్ను ఎలా పిలిచేవాణ్ణో గుర్తుందా?"

"పిలిచిందెక్కడ? బల్ల మీద ఉంగరంతో కొట్టేవాడివి. ఒకటి కొడితే మంచినీళ్లు. రెండు కొడితే గోల ఆపమని."

"పొద్దున్నే రికార్డింగు ఉండేది. గొంతు నిలవాలి కదా."

"అమ్మ అనేది కాదూ? 'మీ నాన్న గొంతుని స్టూడియోకి కాపురానికి పంపేశాడే, ఇంక పుట్టింటి మొహం చూడదు' అని."

"అని నవ్వేది."

"నీ ముందు నవ్వేది."

"... కూరలబండి వాడు 'కెప్టెన్ గారూ, ఒక్క మాట' అంటే ఆగి మరీ ఆ డైలాగు చెప్పేవాణ్ణే. బస్సులో చెప్పా. మంగలి షాపులో చెప్పా. నువ్వు లెక్కల పుస్తకం పట్టుకుని వస్తే మాత్రం బల్ల కొట్టా. దాచా. కొంపలేవో మునిగిపోతున్నట్టు ఈ గొంతు దాచా. ఎవరికోసం దాచానే ఇదంతా? రేపు కోసి బకెట్లో పడేస్తారు!"

"అలా అనకు నాన్నా."

"నీతో మాట్లాడదామని."

"ఏంటి?"

"నెల అడిగింది. నీతో మాట్లాడదామని. పొద్దున లేవగానే అనుకుంటా, ఇవాళ మొదలెట్టాలని. నువ్వొచ్చి ఎదురుగా కూర్చుంటావు. ఇంతే, నోట్లోంచి ఒక్క ముక్క రాదు. కెప్టెన్‌కైతే ఎవడో ఒకడు రాసిచ్చేవాడు. నాకెవరు రాసిస్తారే?"

"అందుకా, నేను రాగానే టీవీ పెడుతున్నావు?"

"వాడు మాట్లాడుతుంటే నేను మాట్లాడినట్టే ఉంటుంది కదా అని..."

"సౌండు తగ్గిస్తా, ఉండు."

"ఏడుస్తున్నావా?"

"లేదు. నాన్నా, మూడు కొడితే ఏంటో గుర్తుందా?"

"మూడా? మూడంటే..."

"కరెంటు పోయినప్పుడు. చీకట్లో నేను ఏడుస్తుంటే."

"ఉన్నా అని. ఇక్కడే ఉన్నా, భయపడకు అని."

"ఆఖరి భాగంలో కెప్టెన్‌ని ఓడ అడుగున పడేస్తారు కదా. నోట్లో గుడ్డలు కుక్కి, కట్టేసి. నీళ్లు మెడదాకా వస్తాయి. పైనున్న వాళ్లకి వినపడాలని చెక్క మీద కొడతాడు."

"ఆ కొట్టింది నేనే! ఆ దేశంవాళ్లు పంపినదాంట్లో చప్పుడు లేదు. వాడి చెయ్యి ఆడుతోంది, చప్పుడు లేదు. ఎంత వెలితిగా ఉందో! మైకు ముందు బల్ల లాగి ఈ ఉంగరంతోనే..."

"మూడు కొట్టావు."

"మూడే. చేతికి అదే వచ్చింది."

"విన్నా. టీవీలో అది వినగానే నువ్వే ఇంటికొచ్చావనుకున్నా. పరిగెత్తుకెళ్లి వీధి తలుపు తీశా."

"తలుపు తీశావా?"

"మెట్ల మీద ఎవరూ లేరు. సందు చివరిదాకా వెళ్లి చూశా. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయి పేర్లు పడుతున్నాయి. ఆఖరి సీను నేను చూడనేలేదు నాన్నా. ఇవాళ్టికీ చూళ్లేదు."

"కెప్టెన్ కూతురివి, ఆఖరి సీను చూళ్లేదా!"

"బడిలో చూశానని కోతలు కోశా. పరువు పోతుంది కదా."

"అయితే వాడు బతికి బయటపడ్డాడో లేదో నీకు తెలీదా?"

"తెలీదు."

"నన్ను అడగొచ్చు కదే పిచ్చిమొహమా!"

"అడిగితే నువ్వు రెండు కొడతావు కదా."

"... అయ్యో తల్లీ. అయ్యో నా తల్లీ..."

"ఇటు చూడు. ఏడవకు, ఊపిరి అందదు. ఇటు చూడు నాన్నా. ఆ గొంతు పోతే ఊరందరికీ పోతుంది. నేను బల్లతో పెరిగినదాన్ని. నాకు బల్ల చాలు. మూడు కొట్టు, వంటింట్లో ఉన్నా, వీధిలో ఉన్నా వచ్చి నిలబడతా. కానీ కొట్టడానికి నువ్వుండాలి కదా! ఉత్త బల్లని నేనేం చేసుకోను?"

"భయంగా ఉందే."

"నాకూ భయంగానే ఉంది."

"రేపు మత్తు ఇచ్చేముందు నన్నేమైనా అడుగుతారేమో. అప్పుడు చెప్పే మాటే నా ఆఖరి మాట. డాక్టరుతో, 'సరేనండీ' అని. బతుకంతా గొంతు మీద బతికి, ఆఖరికి 'సరేనండీ'!"

"అలా ఎందుకవుతుంది? ఆఖరి సీను చెప్పు నాకు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఆ కుర్రాడు చెప్పింది నేను చూడను. నువ్వే చెప్పాలి. కెప్టెన్ గొంతుతో వద్దు. ఈ గీరుకుపోయిన గొంతుతోనే చెప్పు."

"వట్టి ఆఖరి సీను చెప్తే ఏం అర్థమవుతుంది? నీళ్లు ఎక్కడివి, ఆ తాళం ఎవడి దగ్గరుంది, అవన్నీ చెప్పాలి. మొదట్నుంచీ రావాలి."

"మొదట్నుంచే రా."

"టాక్సీ ఇలా ఎక్కితే ఆస్పత్రి అలా వచ్చేస్తుంది కదే."

"మధ్యాహ్నందాకా టైముంది, ఆ సంగతి నేను చూసుకుంటా. నువ్వు లే. నా భుజం పట్టుకో. మెల్లగా... మెట్టు ఉంది."

"మఫ్లరు తీసెయ్యనా? మాట కాస్త బయటికొస్తుంది."

"తీసెయ్యి."

"అసలు ఆ తాళం ఎక్కడ మొదలైందంటే... ఉండు, ముందు నీ సంగతి చెప్పాలి. నువ్వు పుట్టిన రోజు నేను రికార్డింగులో ఉన్నా. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. డైలాగు మధ్యలో ఆపేసి..."

"కూర్చో, కూర్చుని చెప్పు. కాలు లోపలికి పెట్టుకో... డ్రైవరన్నా, వెళ్లేది ఆస్పత్రికే. ఆ రేడియో కట్టేసి, అద్దాలు పైకెత్తి, ఊరంతా చుట్టుకుని పోనివ్వు. మా నాన్న మాట్లాడుతున్నాడు."