కపిలమోకు

1954 వేసవి. కడప జిల్లాలో, పెన్నకు కోసెడు దూరాన ఒక పల్లె. నడవలో గోనెపట్ట పరుచుకుని చింతపండు గింజలు తీస్తున్న రామలక్ష్మమ్మ, చెడు తప్ప మరొకటి ముందుగా తలపుకు రాని తల్లి. అప్పుడే రొప్పుతూ గడప దాటి వచ్చిన ఆమె కొడుకు ఓబులేసు.

"బాయిలోకి దిగేది నువ్వు కాదు గదా నాయనా? ముందు ఆ మాట చెప్పు. తక్కినయ్యన్నీ తర్వాత."

"నేను కాదులేమ్మా. మన కపిలమోకు యాడుండాది?"

"కాదులే అంటే నాకు భయం. పోనులే అనే గదా ఆ సేవాసంఘంలోకి పొయినావు."

"దిగింది నేను కాదు. ఇదిగో, నీ మీద ఒట్టు. మోకు కొట్టంలో దూలానికి ఏలాడతాండె. ఇప్పుడు లేదు."

"ఏలాడతాండేది యాడికి పోతాది? సరిగ్గా సూడు."

"సూసినా. దూలం సూసినా, ఎద్దుల గాడి సూసినా, గడ్డివామి చుట్టూ తిరిగినా."

"ఎలకలు ఈడ్చకపొయింటాయి."

"రెండెద్దులు బాయిలోంచి నీళ్ల కపిల బాన గుంజే మోకును ఎలకలు ఈడ్చకపోతాయా?"

"ఈ కరువులో వాటికి మాత్రం తినేకి ఏముండాది?"

"అమ్మా, ఎగతాళికి ఇది టయిము కాదు. బాయిలో మనిషుండాడు."

"ఉండాడా? అప్పుడే దిగినాడా? మోకు లేకుండా దిగినోడు మోకు లేకుండానే ఎక్కుతాడు. నువ్వు కాళ్లు కడుక్కోని రా, సంగటి పెడతా."

"ఇస్కూలు చేంతాడుతో దిగినాడు. దిగేటప్పుడే గట్టురాయికి ఒరుసుకోని ఒక పేట తెగింది. ఉండేదే మూడు పేటలు. దాంతో మళ్లా పైకి లాగేకి లేదు."

"నేను చెప్పలేదా? రాత్రి కంచం ముందర చెప్పినానా లేదా? పూడిపొయిన బాయి జోలికి పోవద్దండి, అది మంచిది కాదు అని చెప్పినానా లేదా?"

"చెప్పినావు."

"ఇంటివా?"

"ఇనలేదు. ఇప్పుడు మోకు—"

"సంఘమంట. సేవంట. కర్నూల్లో గుడారాలేసుకోని రాజధాని పెట్టినారంట గదా, ఆ దొరలు రారా పూడిక తీసేకి? నా కొడుకే దొరికినాడా?"

"వాళ్లొచ్చేదాకా కూచుంటే నీ మనవళ్లు తాగుతారు ఆ నీళ్లు. పెన్నలో చెలమలు తవ్వుకోని కడవలు మోసేది నువ్వే గదమ్మా. నిన్న సంజేళ మెడ పట్టుకోని మూలిగినావు, నేను ఇనలేదనుకున్యావా?"

"నా మెడ నా ఇష్టం. నొస్తే నొస్తాది."

"సర్లే. ఆ గోనెపట్ట గూడా ఇయ్యి. గట్టురాయి మీద పరిస్తే తాడు ఒరుసుకోదు. లెయ్యి ఒక్క నిమిషం."

"లెయ్యలేను. మోకాళ్లు పట్టకపొయినాయి."

"పొద్దున కొట్టానికీ ఇంటికీ బాగానే తిరగతాంటివే?"

"ఆ తిరుగుడుకే పట్టకపొయినాయి. ఎవురు రా లోపలుండేది?"

"మా సంఘమోడు."

"సంఘమోనికి ఇల్లూ వాకిలీ ఉండవా? యా ఇంటోడు?"

"సన్నంగా ఉంటాడని వాణ్ణి దింపినాం. ముందు లాంతరు దింపి సూసినాం. దీపం బాగానే మండింది, చెడుగాలి లేదని తెలిసినాకనే—"

"నేను లాంతరు సంగతి అడగలేదు."

"వాడు పలకతానే ఉండాడు. మేము పైనుంచి పిలుస్తాం, వాడు కింద నుంచి పలకల్ల. అది మా సంఘం కట్టుబాటు. పిలిచినప్పుడల్లా పలకతాడు."

"వాడు, వాడు, వాడు. పేరు లేదా వానికి?"

"నాకు టయిము లేదమ్మా. ఆ అటక మీద గానీ పెట్టినావా మోకు?"

"అటక మీద నీ చిన్నప్పటి ఉయ్యాల తాడుండాది. అది పనికొస్తే తీస్కపో. ఒరే, ఇట్ల సూడు. మీ సంఘం పెట్టించిన కడప సారు వచ్చిన పొద్దే నేననుకున్యా, ఇది మంచికి కాదని. ఇస్కూలు కాడ నిలబడి ఏమన్న్యాడు ఆయప్ప? రెండు పార్టీలుగా నిలబడండి అన్న్యాడు. ఈ ఊర్లో! ఆ మాట!"

"పని పంచేకి అన్న్యాడు. తవ్వేటోళ్లొక పార్టీ, మట్టి మోసేటోళ్లొక పార్టీ. ఈడ ఆ మాటకు అర్థం యేరే అని ఆయప్పకేం తెలుసు?"

"అంగట్లో శెట్టి తలుపులేసుకున్యాడు. పిల్లోళ్లను ఇండ్లల్లోకి తోసుకున్యారు. నేను కొడవలి యాడుందో సూసుకున్యా."

"నువ్వు కొడవలి సూసుకున్యావు. మేము నగుకుంటా రెండు వరసల్లో నిలబడితిమి."

"నగుతారు మీరు. పార్టీ అనేది మీ నాయన్ను వంకకాడ నరికించిన మాట. నాకు నగు రాదు."

"తెలుసమ్మా. అందుకే ఈసారి తవ్వే పార్టీలో ఆ పక్కోళ్లూ ఉండారు, మనోళ్లూ ఉండారు. మా సంఘంలో ఉండే అల్లా బాషానే పంచినాడు, ఒకరు ఆ పక్క, ఒకరు ఈ పక్క, కలిపి కలిపి. మనోడు తవ్వితే వాళ్లోడు మోయల్ల, వాళ్లోడు దిగితే మనోడు తాడు పట్టల్ల."

"ఏమంటివి?"

"ఏం లేదు."

"వాళ్లోడు దిగితే మనోడు తాడు పట్టల్ల అంటివి. తాడు పట్టేది నువ్వు."

"టయిమయితాందమ్మా, పోవల్ల."

"ఓబులేసూ, నా మొగం సూడు. నేల కాదు, నా మొగం. లోపలుండేది కంబన్న కొడుకా?"

"బొజ్జ—"

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు!"

"పేరు ఎత్తనులే. మోకియ్యి."

"వాళ్లింట్లో లేదా మోకు? వాళ్లది మాత్రం కపిల బాయి కాదా?"

"కంబన్న మోకూ బానా ఎద్దులబండికేసుకోని ఎర్రగుంట్లకు పొయినాడు, అమ్మేసేకి. ఊర్లో తక్కినోళ్లు మీ సంఘం గొడవ మాకొద్దంటాండారు. మన పక్కోళ్లు కంబన్న కొడుక్కు ఇయ్యరు. ఆ పక్కోళ్లు నా చేతికియ్యరు. ఇంక ఉండేది మనదే."

"నా మోకు అది. గోగునార నానేసి, కొట్టి, ఎండలో కూచోని నా చేతుల్తో పేనిన మోకు. మీ నాయన పొయినాక మగోళ్లెవురూ పేనియ్యకుంటే నేనే పేనుకున్యా. దాంతో కంబన్న కొడుకును పైకి లాగల్లనా?"

"వాళ్ల నాయన చేసినదానికి వాడేం చేస్తాడు? ఆపొద్దు వాడు గూడా నా మాదిరే లాగూ తొడుక్కోని తిరిగే పిల్లోడు."

"పాముపిల్ల గూడా సన్నంగానే ఉంటాది."

"అట్లనొద్దు. నువ్వు వాణ్ణి దీవించినావు."

"నేనా? ఆ నా కొడుకునా?"

"సంఘం పెట్టిన కడప శిబిరంలో నాకు జరమొచ్చింది గుర్తుండాదా? ఒక పిల్లోడు రాత్రంతా తలకాడ కూచోని తడిగుడ్డ ఏసినాడని చెప్పినా గదా. వాని దుప్పటి గూడా నాకే కప్పినాడని చెప్పినా. నువ్వేమంటివి? ఆ కన్నతల్లి కడుపు సల్లగుండాల అంటివి. ఇంట్లో దీపం పెట్టి మరీ అంటివి. ఆ పిల్లోడే వీడు."

"నువ్వు పేరు చెప్పలేదు."

"చెప్తే నన్ను మళ్లా కడపకు పంపింటావా?"

"అబద్ధాలకోరు. తల్లితో దీవెన దొంగతనం చేయిస్తావా?"

"చేయించినా. సంఘంలో నన్ను నాయకుణ్ణి చేసి ముందు నిలబెట్టింది గూడా వాడే. చేతులెత్తండి అంటే మొదట వాడే ఎత్తినాడు. ఓబులేసు తాడు పడితే నేను దిగతా, ఇంకెవురు పట్టినా దిగను అన్న్యాడు పొద్దున."

"అంతేనా, అదీ సంగతి! నీ చేతిలో తాడు, వాడు లోపల. తాడు తెగిందనుకో. రాయికి ఒరుసుకోని తెగిందని ఎవురన్నా అంటారా? నాయన పగ కొడుకు తీర్చుకున్యాడు అంటారు. మాపటికి ఈ ఇంటి మీదికి కట్టెలూ కొడవండ్లూ వస్తాయి. ఎందుకు పట్టినావు రా ఆ తాడు? ఎందుకు పట్టినావు?"

"అందుకేనమ్మా తెగని మోకు కావాలంటాండేది!"

"ఉండు. ఒకటి అడగతా, నిజం చెప్పు. మోకు దొరికిందనుకో. వాడు కట్టుకుంటే మీరు లాగతారు. అంతే గదా?"

"అంతే."

"వాడు కట్టుకోలేకపోతే?"

"ఎందుకు కట్టుకోలేడు?"

"నేనడిగినదానికి చెప్పు. వానికి చేతగాకపోతే దిగి కట్టేది ఎవురు?"

"ఎవురో ఒకరు దిగతారు."

"ఎవురో ఒకరు అంటే నువ్వు. సంఘానికి ముందు నిలబడినోడివి నువ్వు. నాకు తెలుసు. నేను అదే తలపోస్తాండా పొద్దున్నుంచీ. మోకు దొరికితే దిగేది నా కొడుకు."

"అమ్మా... పొద్దున్నుంచీ అంటే? మోకు పొద్దున్నే పోయిందా?"

"నాకు తెలీదు."

"పెద్దమ్మా! ఓబులేసుండాడా? ఒరే ఓబులేసూ!"

"ఈడుండా రా బాషా! ఏమయింది? నువ్వెందుకొచ్చినావు, గట్టు కాడ ఎవురుండారు?"

"అందరూ ఆడనే ఉండారు. బురద కదిపేతలికి కింద నుంచి కుళ్లు వాసన లేసింది రా. వాడు దగ్గినాడు, దగ్గినాడు... లాంతరు ఆరిపొయింది."

"పలకతాండాడా?"

"ముందు ఓ అన్న్యాడు. తర్వాత పిలిస్తే గొణిగినాడు. ఇప్పుడు పిలిస్తే పలకడంల్యా."

"చేంతాడు గుంజి సూసినారా?"

"గుంజితే రెండో పేట గూడా పట్‌మనింది. ఇడిసిపెట్టినాం. మోకు యాడ? దొరకలేదా?"

"దొరకలేదు. అమ్మా, ఇన్న్యావా? పలకడం లేదంట."

"పెద్దమ్మా, వాళ్లమ్మ వచ్చి నిలబడింది బాయికి ఆ పక్క. ఈ పక్కకు రాదు, మాతో మాట్లాడదు. ఊరికే లోపలికి తొంగి సూస్తాంది. పడిపోతాదని మావోళ్లు కొంగు పట్టుకోని ఉండారు."

"అమ్మా!"

"నేను పరిగెత్తి వస్తాంటే నన్ను పిలిచింది పెద్దమ్మా. యాడికి రా బాషా అనింది. మోకు కోసం ఓబులేసు ఇంటికి అన్న్యా. రామలక్ష్మిని అడుగు అనింది."

"నన్నడగమనిందా? ఏమనింది బాషా?"

"అదే అనింది. రామలక్ష్మిని అడుగు, నేనడిగినానని చెప్పు, అని. పేరు పెట్టే చెప్పింది."

"అమ్మా, ఇన్న్యావా? మీరిద్దరూ గండికోటలో పుట్టిన ఆడబిడ్డలే గదా. ఇన్నేండ్లుగా నువ్వామె పేరెత్తలేదు, ఆమె నీ పేరెత్తలేదు. ఇప్పుడు ఎత్తింది. బిడ్డ కోసం ఎత్తింది. నీ మీద ఒట్టేసినా గదా నేను దిగలేదని. ఆ ఒట్టు దిగలేదనే వరకే. దిగనని ఎయ్యను. వాడు పలకకుంటే నేను దిగల్ల. మోకు లేకున్నా దిగల్ల, గోడ రాళ్లు పట్టుకోనైనా దిగల్ల. మోకుంటే ఇద్దరం ఎక్కుతాం. లేకుంటే నాకు తెలీదు."

"ఓబులేసూ, పోదాం రా. పెద్దమ్మను యేడిపించొద్దు. అంగడి శెట్టి కాడ ఏదైనా తాడు—"

"శెట్టి కాడ పలం బెల్లం కట్టే దారముంటాది. ఆగు రా. అమ్మా, ఒక్క మాట. కడాసారి అడగతాండా. మోకు యాడుండాది?"

"..."

"పలుకమ్మా. నువ్వు గూడా పలకవా? రా బాషా, పోదాం."

"ఆగు! ఆగు రా నాయనా... నన్ను లేపండి. నా మోకాళ్లకేమీ కాలేదు, భయానికి లెయ్యలేకపోతాండా. ఈ గోనెపట్ట కిందనే ఉండాది, చుట్ట చుట్టి దాని మీదనే కూచున్న్యా. గోనెపట్ట గూడా తీస్కోండి. కడా కొన నా చేతికియ్యండి, పేనినదాన్ని, పట్టుకునేది నాకు తెలుసు. బాషా, నువ్వు ముందు ఉరికిపోయి బాయిలోకి కేకెయ్యి నాయనా... బొజ్జన్నా, పెద్దమ్మ వస్తాంది, పలకల్ల నువ్వు, అని."