ఓటు లేని తమ్ముడు

నా తమ్ముడు కాశీపూర్ నుంచి తల పగిలి తిరిగొస్తాడేమోనన్నదే నా పెద్ద భయం. రాయగడలో మా వాకిట్లో నేను పాపకి గంజి పడుతుంటే, వాడు కుంచెలూ సున్నం డబ్బా గోనెసంచిలో కట్టి బస్సుకి బయల్దేరాడు.

"మళ్ళీ ఎళ్తన్నావేటిరా? మొన్నే కదా అవతలి పార్టీవోళ్ళు మీ జట్టు కుర్రాడి సెయ్యి ఇరిచేరు!"

"గోడల మీద మా రాతలు సెరిపేసేరక్కా. మళ్ళీ గియ్యాల."

"తెలుగులో రాసొచ్చేరట కదా? ఆ ఒరియా కొండూళ్ళల్లో తెలుగు సదివేదెవరు?"

"అందుకే ఈసారి నిచ్చెన బొమ్మొకటే. ఎలచ్చన్లలో నిలబడ్డ మా మాస్టారి గుర్తు."

"ఓటుకి ఇరవయ్యొకటి నిండాల. నీకింకా నిండలేదు, ఓటే లేదు. ఎందుకురా ఈ తిరుగుడు?"

"ఓటున్నోళ్ళు ఇంట్లో కూకున్నారు. లేనోళ్ళమే తిరగాల."

"మాటలకేటి తక్కువ లేదు. ఆయన మీకేటిచ్చేడు?"

"ఏటీ ఇవ్వలేదు. మిగతావోళ్ళు జీపు దిగకుండా ఇంట్లో ఎన్ని ఓట్లని అడిగేరు. ఈయన మా పక్కన కూకుని, మీ ఇళ్ళల్లో సదువాగిపోయినోళ్ళు ఎవరని అడిగేడు."

"నువ్వేటి సెప్పేవు?"

"నీ పేరు సెప్పేను. ఎనిమిదితో మానిపించేరని, నా పుస్తకాలు దాచుకుని సదివేదానివని. ఇప్పుడు ఏ మీటింగులోనైనా ఆడపిల్లల హాస్టలే ఆయన మొదటి మాట."

"నన్నడక్కుండా నా పేరెందుకు సెప్పేవురా?"

"ఇంకెవరి పేరు సెప్పమంటావక్కా?"

లోపలికెళ్ళి రొట్టెలు మూటకట్టి ఇచ్చాను.

మీలో ఎవరైనా అటు వెళ్తే, గోడ మీద నిచ్చెన గీస్తున్న నీలం చొక్కా కుర్రాణ్ణి చూడండి. అడిగితే బాగున్నాననే అంటాడు. మీరు తల తడిమి చూడండి.