మాదేముందమ్మా

ఏంటే, ఆ సినిమా ఇప్పుడు నీ ఫోన్లోకి కూడా వచ్చిందా? ఇదిగో, నా ఫోన్ని చెవి దగ్గర పెట్టాలో నోటి దగ్గర పెట్టాలో తెలిసి చావదు నాకు. ఆఁ, ఆయనే. గట్టు మీద కూర్చుని నవ్వుతున్నాడు చూడు, మీ తాతే, మా అన్న. ఒంటి మీద చొక్కా లేదేంటనుకునేవు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు, సినిమా అంటే మాటలా. ఆ సినిమా తీసిన కెమెరా అమ్మాయే, బాబాయ్, రోజూ చేలో ఎలా ఉంటారో అలాగే ఉండండి అంది. విప్పి నా చేతికిచ్చి, పెళ్ళిచూపులని పిలిచి గొడ్లపాకలో కూర్చోబెట్టినట్టుందే చెల్లీ అన్నాడు.

మంచి పిల్లేనే. కొండమీద మా ఇళ్ళకి రోడ్డెక్కడిది, బస్సు దిగి పొద్దంతా నడిచొచ్చేది. మాతోనే తినేది, చాపమీదే పడుకునేది. కొండ తవ్వేస్తామని ఓ కంపెనీ మా వెంటపడింది అప్పుడు. ఈ మట్టికీ మీకూ ఎంత ముడి ఉందో లోకానికి చూపిస్తానంది. మీ తాతకి ఆ పిల్లంటే ప్రాణం. చేనంతా తిప్పాడు, మట్టి తీసి చేతిలో పోసి వాసన చూడమన్నాడు. ఎంత మంచి నేల బాబాయ్ మీది, అంది. ఈయన సిగ్గుపడిపోయి, "మాదేముందమ్మా" అన్నాడు. మనం అనమా? ఇల్లు బాగుందంటే, కూర బాగుందంటే, మాదేముందండీ అనమా? అదీ అంతే.

దూరం వాళ్ళకి అర్థం కావాలని బొమ్మ కింద వేరే భాషలో అక్షరాలు వేయించారు. వేసినవాడెవడో, ఈ నేలలో మాదేమీ లేదు అని వేశాడట. కొండ కంపెనీకి ఇవ్వాలా వద్దా అని విచారణ పెట్టిననాడు వాళ్ళ ప్లీడరు ఆ ముక్కొక్కటే గోడ మీద ఆడించాడు. ఇది నువ్వన్న మాటేనా పెద్దాయనా, అనడిగాడు ఆఫీసరు. కాదనొచ్చుగా? అనడు. అన్నానండి, మర్యాదకి అన్నానండి అన్నాడు. "మర్యాదకి పొలాలిచ్చేస్తారా మీ ఊళ్ళో?" అన్నాడు ప్లీడరు. గదంతా నవ్వు. మనవాళ్ళు కూడా నవ్వారే, పోతున్నది వాళ్ళ పొలాలే అయినా. మీ తాత చొక్కా గుండీ పెట్టుకుంటూ, తీసేసుకుంటూ నిలబడ్డాడు.

ఆ మాట అనకపోయినా కొండ పోయేదే అన్నయ్యా, వాళ్ళు ముందే అనుకుని వచ్చారు అని ఎన్నిసార్లు చెప్పానో. వింటేగా. కొండ దిగి అందరం ఆ అద్దె గదుల్లో పడ్డాక, టీకొట్టు దగ్గర కుర్రవెధవలు మాదేముంది తాతొచ్చాడు అనేవాళ్ళు. టీ మానేశాడు. తర్వాత గుమ్మం దిగడమే మానేశాడు.

ఆ పిల్ల వచ్చింది ఒకసారి. చిక్కి సగమైపోయింది. బాబాయ్ ఉన్నాడా అత్తా, ఒక్క మాట చెప్పుకుని వెళ్ళిపోతా అంది. ఈయన అప్పటికే వెనక గోడ చాటుకి పోయాడు. లేడమ్మా అన్నాను. అంతలో దగ్గాడు. మీ తాత దగ్గు తెలుసుగా, వీధి చివరికి వినపడుతుంది. ఆ పిల్ల తల దించుకుంది. నేనూ దించుకున్నాను. సరే అత్తా, అని వెళ్ళిపోయింది.

ఆ పిల్ల మీద కోపమా అన్నయ్యా అన్నాను. "కోపమేంటే. మన బతుకు చూపించడానికి అంత దూరం నడిచొచ్చిన పిల్ల. దాని సినిమా నా నోటితో పాడుచేశాను. ఏ మొహం పెట్టుకుని ఎదురుపడను?" అన్నాడు. మళ్ళీ తనే, పిల్లకి మంచినీళ్ళన్నా ఇచ్చావా, అన్నాడు.

ఇవ్వలేదే. ఎండనపడి వచ్చింది, గుమ్మంలోనే నిలబెట్టి...

సరే ఉండు, తలుపు ఎవరో కొడుతున్నట్టుంది.