మీ అక్క చేతి మీద మచ్చలు

కాలరు వదలరా ముందు! బావ కాలరు పట్టుకునేంత మొనగాడివయ్యావా? మెట్ల మీదే పంచాయితీ పెట్టాలా? పక్కింటివాళ్లు తలుపు సందులోంచి చూస్తున్నారు.

ఏమన్నావ్? మీ అక్కని నేను కొట్టానా? ఎవరు చెప్పారు, వాళ్ల స్కూల్లో పక్క క్లాసు టీచరమ్మా? ఫోన్ రాగానే బండేసుకుని ఊడిపడ్డావు. నన్నో మాట అడగాలని తోచలేదూ?

అరవకు. ఇప్పుడే పడుకుంది.

అవును, చేతులు కమిలాయి. కాళ్లూ కమిలాయి. నేనేం గుడ్డివాణ్ని కాదు. బల్ల తగిలిందంది, తలుపు తగిలిందంది, సరేలే అనుకున్నా. మొన్న పళ్లు తోముకుంటుంటే నోటినిండా నెత్తురు. జ్వరమేమో వస్తూ పోతూ. ఇక ఆగలేక ఇవాళ నా బస్సు ఇంకో డ్రైవరుకి అప్పగించి, ఆస్పత్రికి లాక్కెళ్లాను.

నీకే కాదు నాయనా, ఆ డాక్టరమ్మకీ ఇదే అనుమానం! నన్ను బయటికి పంపి, తలుపేసి అడిగిందట, "మీ ఆయన చెయ్యి చేసుకుంటాడా అమ్మా?" అని. మీ అక్క పకపకా నవ్విందట. "ఆయనా? బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కి నన్ను పిలుస్తాడండీ!"

నవ్వావులే, చూశాను.

తర్వాత రక్తం తీశారు. సాయంత్రం ఆ డాక్టరమ్మ నన్నొక్కణ్నే లోపలికి పిలిచింది. పొద్దున ఆవిడ నావంక ఎలా చూసిందో తెలుసా? పోలీసు దొంగని చూసినట్టు. ఒళ్లు మండిపోయింది. సాయంత్రం మాత్రం... తనే లేచి కుర్చీ జరిపింది. మంచినీళ్లిచ్చింది. జాలిగా చూసిందిరా! అప్పుడు చచ్చాను నేను.

తెల్ల కణాలు విపరీతంగా పెరిగాయట. ప్లేట్‌లెట్లు అడుగంటాయట. బ్లడ్ క్యాన్సర్ కావచ్చు, కాకపోనూ వచ్చు, రేపు నడుం ఎముకలోంచి మూలుగ తీసి చూస్తేగానీ చెప్పలేనంది.

ఏంట్రా, కూలబడ్డావ్? లే... సరే, కూర్చో. నేనూ కూర్చుంటా.

మీ అక్కకా? రక్తం తక్కువుందట అని చెప్పాను. "ఆ మాత్రానికి మీ మొహం పాలిపోయిందేం?" అంది. మీ అక్క దగ్గర అబద్ధమాడి బతికి బట్టకట్టినవాడెవడు, నువ్వు చెప్పు! కానీ ఇంకేం అడగలేదు. అటు తిరిగి పడుకుంది. నిద్రపోయిందో, నాకోసం కళ్లు మూసుకుందో.

నిజం చెప్పనా? ఇందాక నువ్వు కొట్టావా కొట్టావా అని ఊపేస్తుంటే, ఔనని ఒప్పేసుకోవాలనిపించింది. నేనే కొట్టుంటే నన్ను జైల్లో తోయించేవాడివి. మచ్చలు మానిపోయేవి. అంతేగా!

రేపు నువ్వూ రారా. సూది దిగేటప్పుడు పక్కన ఎవరో ఒకరు తన చెయ్యి పట్టుకోవాలట. కొండ దారిలో బ్రేకు పట్టనప్పుడు కూడా వణకలేదు ఈ చేతులు. ఇదుగో, చూడు ఇప్పుడు. వీటితో పట్టుకుంటే తనకి మొత్తం తెలిసిపోతుంది.

నువ్వు పట్టుకో. నేను బయట నిలబడతా. నాకు భయంగా ఉందిరా.