చూద్దాం

అమ్మకానికి పెట్టిన ఇంటి ముందుగది. తాళంచెవుల గుత్తితో బ్రోకరు, నోటుబుక్కుతో భర్త, చేతిసంచిలో సుత్తీ మేకూ వేసుకొచ్చిన భార్య. కిటికీ పక్కన కుర్చీలో ఇంకెవరో.

“...గాలీ, వెలుతురూ, నీళ్ళూ, అన్నీ దివ్యంగా ఉన్నాయి సార్. ఇంకేం కావాలి?”

“అది సరే బ్రోకర్ గారూ, ఆ కుర్చీలో పెద్దాయన ఎవరు?”

“ఏ కుర్చీ సార్?”

“గదిలో ఉన్నదే ఒక్క కుర్చీ కదండీ!”

“ఓ, ఆ కుర్చీయా. టేకు సార్. గట్టిది.”

“కుర్చీ సంగతి కాదండీ, కూర్చున్నాయన సంగతి.”

“ఆయనా... ఆయనా గట్టివారే సార్. వంటగది చూపిస్తా, రండి రండి.”

“ఏవండీ, ఎవరో కూర్చుంటారు, మీకెందుకు? ఇది పన్నెండో ఇల్లు. ఆదివారానికల్లా అద్దిల్లు ఖాళీ చెయ్యాలి. ఈ గోడ చూడండి, ఎంత బావుందో. ఒక మేకు కొట్టి చూడనా?”

“కొనకముందే మేకేంటే! ఆగు. నోటుబుక్కులో నలభై మూడు ప్రశ్నలున్నాయి. మొదటిసారి కొంటున్నాం, అన్నీ చూసుకోవద్దూ?”

“పదకొండు ఇళ్ళకీ ఇదే పాట. మా నాన్న గడియారం తొమ్మిదేళ్ళుగా దుప్పట్లో చుట్టి మంచం కింద పడుందండీ. ఆ ఓనరేమో నెలనెలా వచ్చి గోడలకి చిల్లులు లెక్కపెట్టుకుపోతాడు. నాకు మేకు కొట్టుకునే గోడ ఒక్కటి కావాలి. అంతే.”

“చూద్దాం.”

“అదిగో! మళ్ళీ చూద్దాం!”

“బాబూ, కప్పు సంగతి అడిగావా?”

“అబ్బే, ఇంకా లేదండీ పెద్దాయనా.”

“ఎండలో చూస్తే ఏ కప్పైనా మంచిదే. వాన పడుతుండగా వచ్చి చూడాలి. రాసుకో.”

“రాస్తున్నానండీ. నలభై నాలుగు.”

“పక్కింటివాళ్ళు కుళాయి విప్పితే ఇక్కడ ధార సన్నబడుతుందేమో, పొద్దున్నే వచ్చి చూడు. స్థలం కాగితంలో ఎంతుందో నమ్మకు, టేపు పెట్టి కొలిపించు. ఎందుకు అమ్ముతున్నారో అమ్మేవాళ్ళనే కాదు, ఎదురింటివాళ్ళనీ అడుగు.”

“నలభై ఏడు! విన్నావుటే? ఇలాంటివాళ్ళు చెప్పాలి. ఇంతకీ ఈ ఇంటికి మీరేమవుతారండీ?”

“ఏమీ కాను బాబూ. నీలాగే. ఇల్లు చూడ్డానికొచ్చాను.”

“బ్రోకర్ గారూ! ఇంకో పార్టీ ఉందని చెప్పలేదే!”

“పార్టీ కాదు సార్... అదీ... పాత పార్టీ.”

“ఎప్పుడొచ్చారు తాతగారూ?”

“ఒక ఆదివారం వచ్చానమ్మాయ్.”

“మొన్న ఆదివారమా?”

“అప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది.”

“ముప్పై రెండేళ్ళమ్మా. ఆయన్ని పట్టించుకోకండి. వంటగదిలో అలమరలు...”

“మీరుండండి బ్రోకర్ గారూ. ముప్పై రెండేళ్ళుగా ఇల్లు చూస్తున్నారా తాతగారూ?”

“తొందరపడకూడదమ్మాయ్. ఉత్తరం మూల తడి కనిపించింది. ఆరుతుందేమో చూద్దామన్నాను. ఆరింది. చెదలు పడతాయేమో చూద్దామన్నాను. పడలేదు. ఎందుకు పడలేదో చూద్దామన్నాను.”

“పాయింటే కదండీ అది!”

“మీరు రాసుకోకండి! తాతగారూ, మరి తిండీ, పడకా?”

“ఇంటావిడ చూసుకునేది. మహా మంచి మనిషి. నాకూ పెట్టేది, పిల్లలకీ పెట్టేది.”

“ఏ పిల్లలు?”

“ఇద్దరు. ఈ ఇంట్లోనే పుట్టారు. పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకి తొందరెక్కువ.”

“ఒక్క మాట. ఆ ఇంటావిడ మీకేమవుతారు?”

“భార్య.”

“ఓరి దేవుడా! అంటే ఈ ఇల్లు మీదే కదండీ పెద్దాయనా!”

“నాదెలా అవుతుంది బాబూ? నేనింకా సరే అనలేదుగా! నేను పదిహేడో ప్రశ్న దగ్గరుండగా తను వెళ్ళి సంతకం పెట్టేసింది. రోజూ సాయంత్రం ఆ గుమ్మంలో నిలబడి, నచ్చిందా అనడిగేది. చూద్దాం అనేవాణ్ణి. ఈమధ్య ఒకరోజు అడగలేదు. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. సాయంత్రమైతే ఏం తోచట్లేదమ్మాయ్. గుమ్మం వంక చూడబుద్ధి కాదు.”

“ఎక్కడున్నారో తెలీదా?”

“తెలుసు. రెండు వీధులవతల అద్దెకుంటోంది.”

“వెళ్ళి తీసుకురావచ్చు కదా తాతగారూ!”

“అదే చూస్తున్నాను.”

“అయితే ఇల్లు అమ్ముతున్నది ఆవిడా? మరి ఈయన్నేం చేస్తారు బ్రోకర్ గారూ?”

“కాగితంలో స్పష్టంగా రాయించారు సార్. ఇల్లు, కుర్చీ, అందులో ఉన్నది ఉన్నట్టు.”

“ఏవండీ.”

“ఊఁ?”

“ఇటు చూడండి. ఈ ఇల్లు మీకు నచ్చిందా?”

“మంచి ఇల్లేనే. కానీ ఆయన చెప్పినవన్నీ చూసుకోవాలిగా. ఒక వాన పడనీ.”

“ఔనా, కాదా?”

“అబ్బ, చూద్దామన్నానుగా! పెద్దాయనా, ఆ తడి మూల సంగతి కాస్త వివరంగా చెప్పండి. ఇంకో కుర్చీ ఉందా?”

“పడగ్గదిలో ఉంది బాబూ. తెచ్చుకో, ఇలా కిటికీ దగ్గర వేసుకో. వెలుతురొస్తుంది.”

“అమ్మా! అమ్మా! ఆ సుత్తెందుకమ్మా?”

“గడియారానికి. పైనా, ఇంకాస్త కిందా? ఇక్కడ బావుంది. ఆఁ, దిగింది! ఒక్క దెబ్బకి దిగింది! తొమ్మిదేళ్ళండీ... కాగితం ఇలా ఇవ్వండి. సంతకం ఎక్కడ?”

“సార్‌ని ఒక్క మాట అడిగి...”

“అడిగాను. మీరూ విన్నారు. ఎక్కడ?”

“ఇక్కడమ్మా. ఉన్నది ఉన్నట్టు అన్నచోట.”

“రేపెప్పుడైనా నేను అమ్మాల్సొస్తే, ఇదే మాట రాయించొచ్చా?”

“భేషుగ్గా రాయించొచ్చమ్మా.”

“అయితే ఆ రెండో కుర్చీ కూడా కాగితంలోకి ఎక్కించండి.”