పెయింటర్ చెప్పులు

సాయంత్రం ఒక పాత మేడ మెట్ల దగ్గర లిఫ్టు మెకానిక్ ఆగిపోయాడు. అతను వెనక్కి పారిపోకుండా బావమరిది దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"పైనే బావా, తాగుడు మానేసినవాళ్ల మీటింగ్. ఎక్కు."

"బోర్డు లేదేంట్రా? బారుకైతే విమానంలోంచి కూడా కనిపించే బోర్డుంటుంది."

"అందుకేగా ఇది వెతకడానికి గంట పట్టింది."

"లిఫ్టు కూడా లేదు."

"లిఫ్టులు బాగుచేసేవాడివి, మెట్లంటే భయమా?"

"ఇవాళ వద్దురా. రేపొద్దాం."

"ఆ రేపు ఆర్నెల్లుగా వస్తూనే ఉంది. మీటింగ్‌కి వెళ్లకుండా వస్తే మా అక్క తలుపు తియ్యనంది. నాక్కూడా."

"నువ్వేం చేశావ్?"

"నిన్ను వెనక్కి తెచ్చినందుకు!"

మెకానిక్ తల దించుకున్నాడు. మెట్ల పక్కనున్న చెప్పుల్లో ఒక జత నిండా నీలం రంగు మరకలు.

"ఒరేయ్, ఇవి మా పెయింటర్‌వి! తెగిన పట్టీకి లిఫ్టు వైరు కట్టింది నేనే. వాడు పోయాడుగా!"

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రెండేళ్లుగా బారుకి రావట్లేదు. మనిషి రాలేదంటే ఇంకేం అనుకుంటాం? అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాం. వాడి ఆత్మశాంతికని మూడ్రోజులు తాగాం."

"మానేశాడేమోనని ఒక్కడికీ తోచలేదా?"

"ఒట్టు, తోచలేదు."

పైనుంచి పెయింటర్ నవ్వు వినిపించింది. మెకానిక్ వంగి తన చెప్పులు విప్పి, ఆ నీలం మరకల జత పక్కన పెట్టాడు.

"ఏంటి బావా, ఎక్కుతున్నావా?"

"ఇంకో వారం పోతే బార్లో నాకూ లేచి నిలబడతారు. నిలబడనీ."